కాలు తొక్కని నీళ్ళు

“మధ్యాహ్నం భోజనానికి ముందే ఈ మారమ్మను స్టేషనుకు తీసుకుపోతాను. అంతవరకూ మీరు మీ ఆకులతో ఏం మాట్లాడుకుంటారో మాట్లాడుకోండి మేడం,” అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్ శక్తివేల్, జీపుకు వీపు ఆనించి.

అతని మాటలో వెటకారమే తప్ప దురుద్దేశం లేదు. అతనికి కావలసినవన్నీ దొరికాయి: పాడైన పంట, ఫిర్యాదు ఇచ్చిన రైతు, ఖాళీ విషపు డబ్బా, కళ్ళారా చూసిన సాక్షి. ఇన్ని చేతికి వచ్చాక ఇంకొకటి వెతికే పోలీసు ఇంద్రాణికి ఇంతవరకూ తారసపడలేదు.

ఇంద్రాణి పోలీసు కాదు. విదేశాల నుంచి వచ్చే మొక్కలలో తెగుళ్ళను పట్టే ప్రభుత్వ ప్రయోగశాలలో చాలాకాలం సూక్ష్మదర్శినికి కళ్ళు అప్పగించి, విసిగి, మానేసింది. ఇప్పుడు పంట అనుమానాస్పదంగా చచ్చిన చోటికల్లా ఒక బీమా సంస్థ ఆమెను పంపుతూ ఉంటుంది. తమిళనాడు ధర్మపురిలో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినది కనుక, వత్తల్‌మలై కొండ మీది ఈ వ్యవహారం సహజంగానే ఆమె మెడకు చుట్టుకుంది.

వ్యవహారం క్లుప్తంగా ఇది. లక్ష్మణ అనే రైతు ఈ కొండ మీద రెండు మడులలో లెట్యూస్ నాటాడు. పట్టణపు హోటళ్ళకు ఆకుకూరలు అమ్మే ఒక కంపెనీ నారు ఇచ్చింది, పంట కొంటానంది. పై మడిలో ఆకులు క్యాబేజీలా చక్కగా గడ్డ కట్టాయి. కింది మడిలో ఆకులు ముడుచుకుని, గట్టిపడి, ఒక్క గడ్డా కట్టకుండా పోయింది. లక్ష్మణ దగ్గర కూలి చేసే మారమ్మ చేను పక్కనే, అతని కొట్టంలో కాపురం ఉంటుంది. ఆయుధ పూజకు కొద్ది రోజుల ముందు ఆ కొట్టం ఖాళీ చేయమని లక్ష్మణ చెప్పాడు. పూజనాటి ఉదయం ఆమె కింది మడి కాలువ మొదట్లో బక్కెట్టుతో ఏదో పోస్తూ ఉండగా పక్క చేనువాళ్ళు చూశారు. నిన్న ఆమె కొట్టం చూరులో ఖాళీ కలుపు మందు డబ్బా బయటపడింది. దానిని బయటపెట్టినవాడు కంపెనీ ఫీల్డ్ ఆఫీసరు వేల్‌మురుగన్.

ఇంద్రాణి చెప్పులు గట్టు మీద విడిచి మడిలోకి దిగింది.

“చెప్పులతోనే దిగండి మేడం, విషం ఉంది,” అన్నాడు వేల్‌మురుగన్ తమిళంలో. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. “బీమా వాళ్ళు డబ్బు ఎగ్గొట్టడానికి మిమ్మల్ని పంపారని తెలుసు. కాని ఇక్కడ మీకు పెద్ద పని లేదు. డిగ్రీ చదివినవాణ్ణి నేను ముందే చూశాను.”

“డిగ్రీలో కలుపు మొక్కల పాఠం ఉందా?”

“అంటే?”

ఇంద్రాణి వంగి, జబ్బుపడిన రెండు లెట్యూస్ మొక్కల నడుమ నుంచి ఒక గరిక పోచను వేళ్ళతో సహా పెరికి అతని ముందు పెట్టింది. గరిక పచ్చగా, బలిసి, కణుపు కణుపునా వేరు దిగి ఉంది. పక్కనే అడవి తోటకూర మోకాలెత్తు పెరిగింది.

“కలుపు మందు పోస్తే ముందు చావవలసినది కలుపు. ఇక్కడ కలుపు పెళ్ళివారింట్లో చుట్టంలా తిని కూర్చుంది. పంట ఒక్కటే జబ్బుపడింది. ఇంత మర్యాద తెలిసిన కలుపు మందును నేను ఎక్కడా చూడలేదు.”

శక్తివేల్ జీపు దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చాడు.

“మళ్ళీ మొలిచి ఉంటుంది,” అన్నాడు వేల్‌మురుగన్.

“ఈ గరిక వేరు చూడండి. పంట కంటే ముందు నుంచీ ఉన్నది. పైగా పూజనాడు పోసిన విషం ఇప్పటిదాకా ఆకును చంపకుండా ఏం చేస్తున్నట్టు? వరసగా చచ్చి మట్టిలో కలవాలి. ఇవి చావలేదు, రోగంతో బ్రతుకుతున్నాయి.” ఆమె ఒక ఆకు తెంపి ఎండకు అడ్డంగా పట్టింది. “ఎస్సై గారూ, ఇలా రండి. ఈనెలు చూడండి.”

ఆకు ఈనెలకు రెండు వైపులా పచ్చదనం కరిగిపోయి, వెలుతురు నేరుగా దూరి వస్తోంది. ఈనెలు ఉన్నదానికి మూడింతలు లావుగా, గాజు గొట్టాలు పరిచినట్టు కనిపించాయి.

“ఇది వైరస్. విషం కాదు. మనుషులకు ఏమీ చేయదు. ఆకుల మీద ఎగిరే పురుగు మోసే రకం కూడా కాదు, మట్టిలోంచి వస్తుంది. మట్టిలో కంటికి కనబడని ఒక జీవి ఉంటుంది, బూజుకు దూరపు బంధువు. తడి తగిలితే దాని బీజాలు నీళ్ళలో ఈదుకుంటూ పోయి వేరులో దూరుతాయి. దూరేటప్పుడు వైరస్‌ను వెంట తీసుకుపోతాయి. తడి లేనప్పుడు గట్టి పెంకు కట్టుకుని మట్టిలో నిద్రపోతాయి. ఒక తరం గడిచినా లేస్తాయి. మందు లేదు.”

“కథ బాగుంది,” అన్నాడు వేల్‌మురుగన్. “ఇది కొత్తగా చదును చేసిన నేల. ఇక్కడ ఎప్పుడూ లెట్యూస్ వెయ్యలేదు. మీ ఈదే జీవి ఎక్కడి నుంచి నడిచి వచ్చింది? మా నారులోంచి అంటారా? అదే నారు పై మడిలో ఎలా ఉందో చూడండి.”

“చూశాను. మీ నారు బాగానే ఉంది.”

ఆ సమాధానం అతను ఊహించలేదు. గట్టెక్కి ఫోను తీసుకున్నాడు.

నారు కాకపోతే నీళ్ళు. నీళ్ళు కాకపోతే మనిషి పాదమో పనిముట్టో. ఇంద్రాణి కాలువ వెంట పైకి నడిచింది. మొదట్లో జబ్బు ముదిరి ఉంది. చివరికి పోయేకొద్దీ పలచబడింది. అంటే మూలం కాలువ మొదట్లోనే ఉంది. అక్కడ ఒక బండరాయి. దాని పక్కన చదునుగా నలిగి, ఎండి, అట్టముక్కలా అయిన నిమ్మకాయ. దాని మీద టైరు పళ్ళ గుర్తు స్పష్టంగా ఉంది. బండ సందులో ఎర్రమట్టికి బదులు నల్లటి మట్టిగడ్డ ఇరుక్కుని ఉంది. అందులో కొబ్బరి పీచు పొడి, తెల్లటి వేరు ముక్కలు. గడ్డను కాగితం పొట్లంలో కట్టి, నిమ్మకాయతో పాటు సంచిలో వేసుకుంది.

“లక్ష్మణగారూ, ఈ ఏడు ఆయుధ పూజకు మీ పనిముట్లకు పూజ ఎవరు చేశారు?”

గట్టు మీద నిలబడి ఉన్న లక్ష్మణ చిరాకుగా చూశాడు. “ఎవురూ చేయలేదు మేడం. పూజకు ముందే మా నాయన పోయినాడు. ఇంట్లో తీట్టు. మైలలో కొడవలికి కూడా బొట్టు పెట్టలేదు మేము. దానికీ దీనికీ ఏం సంబంధం?”

“ఈ టైరు గుర్తు దున్నే టిల్లర్‌ది. మీదేనా?”

“కంపెనీది. పక్క గట్టు అవతల కొత్త మడి దున్నుకోమని ఈ వేల్‌మురుగన్ సారే పంపినాడు. పూజకు ముందురోజు వచ్చింది. మారమ్మ కొడుకు ముఖేశ్ కంపెనీలో కూలికి ఉండాడు, వాడే తోలినాడు.”

అయితే ఆ చక్రం కింద నిమ్మకాయ పెట్టిన చెయ్యి ఈ ఇంటిది కాదు. ఇంద్రాణికి పూజల మీద నమ్మకం లేదు. కాని చేసేవాళ్ళు వాటిని ఎంత పద్ధతిగా చేస్తారో తెలుసు. పద్ధతి ఉన్న చోట జాడ ఉంటుంది.

మారమ్మ కొట్టం గోడ నీడలో కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. పోలీసు జీపు వచ్చినప్పటి నుంచీ వక్క నములుతూనే ఉంది. ఇంద్రాణి ఎదురుగా చతికిలబడింది.

“మారమ్మా, ఆ పొద్దు కాలువలో ఏం పోసినావు?”

“ఏం పోయలేదు.”

“చూసినవాళ్ళు ఉన్నారు.”

“వాళ్ళకు కండ్లు జాస్తి.” మారమ్మ ఊసి, మూతి తుడుచుకుంది. “నువ్వు ఎవురమ్మా? పోలీసా? డాక్టరా? ఆకులకు నాడి చూస్తా ఉండావు.”

“జైలుకు పంపుతారు. భయం లేదా?”

“పంపనీ. ఆడైనా కొట్టం ఖాళీ చెయ్యమనేవాళ్ళు ఉండరు.”

ఇంద్రాణి నవ్వలేదు. సంచిలోంచి నలిగిన నిమ్మకాయ తీసి నేల మీద పెట్టింది. మారమ్మ దవడ ఆగిపోయింది.

“విషం పోయలేదని నాకు తెలుసు. నువ్వు చెప్పకపోతే ఆ డబ్బానే నిజమవుతుంది. పోలీసుకు అబద్ధం చెప్పి దాచేంతది ఏముంది ఇందులో?”

మారమ్మ గొంతు తగ్గించింది. “లచ్చుమణయ్యకు చెప్పొద్దు.”

“చెప్పక తప్పదేమో.”

“వాళ్ళింట్లో తీట్టు కదమ్మా. పూజ నిలిపేసినారు. వాళ్ళకేం, నిలిపేస్తారు. అది తోలేది నా కొడుకు. అంతకుముందు తోలినోడికి పాదం తెగిపోయింది. పూజ చెయ్యని మిసినిని నా బిడ్డ ఎట్ల తోలేది? అందుకని తెల్లారేపొద్దుకే కడిగి, పసుపు నీళ్ళు చల్లి, బొట్టు పెట్టినాను. మైలలో వాళ్ళ నేల మీద పూజ చేసినానని తెలిస్తే ఊరుకుంటారా? చేను పోయిందే దాని వల్లనంటారు.”

“కడిగిన నీళ్ళు కాలువలో ఎందుకు పోసినావు? దోవ పక్కన పారబోయవచ్చు కదా.”

మారమ్మ ఆమెను జాలిగా చూసింది. “పూజ నీళ్ళమ్మా! దోవలో పోస్తే మనుషులు తొక్కుతారు. కాలు తొక్కని చోట, చెట్టు మొదట్లో పోయాల. మీ ఇంట్లో చెప్పలేదా?”

చెప్పారు. చిన్నప్పుడు ఇంద్రాణి కూడా అభిషేకం నీళ్ళు తులసి మొదట్లోనే పోసేది. ఎవరి పాదాలకూ తగలకూడదనుకున్న బురద నేరుగా లేత వేళ్ళకు తగిలింది. ఏ ద్రోహీ ఇంతకన్నా జాగ్రత్తగా ఆ జబ్బును నాటలేడు.

“టిల్లర్ వచ్చేటప్పటికే మురికిగా ఉందా?”

“అబ్బ! నల్లమన్ను పెడ్డలు కట్టి ఉండింది, వేర్లూ నారలూ చుట్టుకొని. ఆ సారే చెప్పినాడు, లచ్చుమణయ్య చూసేలోపల కడిగేయమని.”

“ఏ సారు?”

మారమ్మ గడ్డంతో గట్టు వైపు చూపించింది. అక్కడ వేల్‌మురుగన్ ఫోనులో మాట్లాడుతున్నాడు.

ఇంద్రాణి అందరినీ కాలువ దగ్గరికి పిలిచింది. దాచడానికి వీలున్నంత వరకు దాచి చెప్పాలని చూసింది, కాని నిమ్మకాయ కనబడగానే లక్ష్మణకు అర్థమైపోయింది.

“తీట్టులో పూజ చేసినావా?” అతను మారమ్మ వైపు తిరిగాడు. “మా నాయన కర్మ కూడా కాలేదు అప్పటికి! ఏమే, నీకెవురు ఇచ్చినారు అధికారం?”

“పూజ వల్ల మీ చేను పోలేదు లక్ష్మణగారూ. పూజ చేయకుండా ఉత్తగా కడిగినా పోయేది. బురద వల్ల పోయింది. ఆ బురద మీ నేలది కాదు.” ఇంద్రాణి పొట్లం విప్పింది. “ఈ కొండంతా ఎర్రమట్టి. ఇది నల్లది. వేల్‌మురుగన్ గారూ, ఇక్కడికి రాకముందు టిల్లర్ ఎక్కడ దున్నింది?”

“ఎక్కడా లేదు. మా షెడ్డులో ఉంది.”

“మా బీమా కాగితాల్లో ఉంది, కొండ అవతల మీ కంపెనీ వాళ్ళ ప్రదర్శన తోట ఉండేది. నల్లనేల. పోయిన ఏడు మూసేశారు. ఎందుకు?”

“గిరాకీ లేక.”

“లేక, ఆకుల ఈనెలు లావెక్కడం వల్లనా? మీరు చదివినవారు. ఆ మట్టి ఏమిటో తెలిసే ‘కడిగేయ’మన్నారు.”

“కడగమని నేను అన్నానా? ఎవరు చెప్పారు? ఈమెనా?” వేల్‌మురుగన్ శక్తివేల్ వైపు తిరిగాడు. ఒక్కసారిగా అతని మాటలో మర్యాద పెరిగింది. అది అరుపు కన్నా చెడ్డగా ఉంది. “సార్, మేడం చెప్పినదంతా ఒప్పుకుంటాను. విషం కాదు, మట్టి. సరే. మట్టిని తెచ్చింది టిల్లర్. మరి టిల్లర్‌ను తోలింది ఎవరు? ముఖేశ్. దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ముఖేశ్ దగ్గర. నాకు చెప్పకుండా ఎక్కడెక్కడ అద్దెకు తోలాడో, ఏ రోగిష్టి చేలో దింపాడో, వాడినే అడగాలి. ఫిర్యాదులో పేరు మార్చుకోండి. తల్లి పేరు కొట్టేసి కొడుకు పేరు రాయండి.”

తరువాత మారమ్మను చూసి, చక్కని తమిళంలో, “పిల్లవాణ్ణి మా నర్సరీలో పర్మనెంటు చేద్దామనుకుంటున్నాను. చూసుకో అమ్మా,” అన్నాడు.

శక్తివేల్ నోటు పుస్తకం తెరిచి, “ముఖేశ్, తండ్రి పేరు?” అన్నాడు.

ఇంద్రాణి అడ్డుపడబోయింది. అంతకంటే ముందే మారమ్మ లేచి నిలబడింది.

“నేనే పోసినాను సార్. మందే పోసినాను.”

“మారమ్మా!”

“నువ్వు ఉండమ్మా.” ఆమె ఇంద్రాణి ముఖం చూడలేదు. “కొట్టం ఖాళీ చెయ్యమన్నారని కోపం. డబ్బా తెచ్చి పోసినాను. పూజ అని చెప్పింది అబద్ధం. నా కొడుకుకు ఏం తెలీదు. రాసుకోండి సార్.”

“మందు ఏ రంగులో ఉంది మారమ్మా?” అని ఇంద్రాణి గట్టిగా అడిగింది. “వాసన ఎట్లుంది?”

“డబ్బాలో ఎట్లుంటే అట్లనే ఉండింది.”

“ఎస్సై గారూ, ఆమె ఆ డబ్బా మూత కూడా తీయలేదు. మీకు తెలుస్తూనే ఉంది.”

“తెలుస్తోంది మేడం,” అన్నాడు శక్తివేల్. అబద్ధం చెప్పేవాడి గొంతు కాదు అది. “కాని మీ గరిక కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పదు. ఈమె చెప్తుంది. ఆ మట్టిగడ్డ మీరే తెచ్చి పెట్టారని ఆయన అంటాడు. టిల్లర్‌కు ఆ మట్టే అంటుకుని ఉందని చూపించగలరా?”

“చూపించగలను. దున్నే పళ్ళ మీది రోటవేటర్ కవచం లోపల, బక్కెట్టు నీళ్ళకు అందని చోట ఇంకా ఉంటుంది. టిల్లర్ ఎక్కడ?”

వేల్‌మురుగన్ చేతి గడియారం చూసుకున్నాడు. అతని ముఖంలో విశ్రాంతి కనిపించింది. “పొద్దున్నే ముఖేశ్‌తో సర్వీసుకు పంపాను. పాలక్కోడులో ప్రెషర్ నీళ్ళతో కడిగించమన్నాను. ఈపాటికి మీకు ముఖం చూసుకునేంత నిగనిగలాడుతూ ఉంటుంది.”

శక్తివేల్ నిట్టూర్చి, జీపు వెనక తలుపు తీశాడు. మారమ్మ కొంగు నడుముకు దోపుకుని ఎక్కి కూర్చుంది. లక్ష్మణ ఆమె వైపు చూడకుండా నేల చూస్తూ, ఎవరితోనన్నట్టు చెప్పాడు:

“పాలక్కోడులో కరెంటు లేదంట. సారు ఫోను దొరకలేదని ఇంతకుముందే ముఖేశ్ ఫోన్ చేసినాడు నాకు. కొండ కింద మారండహళ్ళిలో కంపెనీ నర్సరీకే తోలుకొనిపోయి ఆడనే కడుగుతానన్నాడు. ఆడ పెద్ద మోటారు ఉండాది కదా.”

ఇంద్రాణి గిరుక్కున వెనుదిరిగింది. ఆమె చూసింది లక్ష్మణను కాదు, వేల్‌మురుగన్‌ను. అతని ముఖం మీది విశ్రాంతి ఇంకా చెదరలేదు. అర్థం కావడానికి అతనికి కొంత వ్యవధి కావాలి. ఆమె ఆ వ్యవధి ఇవ్వలేదు.

“నర్సరీలో ఎక్కడ కడుగుతాడు లక్ష్మణగారూ?”

“తొట్టి పక్కన సిమెంటు కట్ట ఉండాది మేడం. కడిగిన నీళ్ళు తొట్టిలోకే జారతాయి.”

“నారుకు నీళ్ళు పెట్టే తొట్టేనా?”

“అదే.”

“వేల్‌మురుగన్ గారూ,” అంది ఇంద్రాణి, తరగతిలో పాఠం చెప్తున్నంత నెమ్మదిగా, “ఈ రోగానికి చలి కావాలి. ఇక్కడ కొండ మీద చల్లగా ఉంది కనుక ఈనెలు లావెక్కి పట్టిచ్చాయి. మారండహళ్ళి ఎండకు ఒక్క ఆకు కూడా చెప్పదు. నారు పచ్చగా, నవనవలాడుతూ ఉంటుంది. వేరులో మాత్రం రోగం ఉంటుంది. ఆ నారు ట్రేలు మీ కంపెనీ ఏయే కొండలకు పంపుతుందో మీకే తెలుసు. ఒక్కొక్క ట్రే ఒక్కొక్క నేలను, దున్నేవాడి మనుమడి దాకా పాడు చేస్తుంది. టిల్లర్‌లో ఉన్నది మీ ప్రదర్శన తోట మట్టి కాకపోతే భయం లేదు. కడగనివ్వండి.”

జీపు ఇంజను మొదలైంది. వేల్‌మురుగన్ జేబులోంచి ఫోను లాగాడు. అది జారి గడ్డిలో పడింది. మోకాళ్ళ మీద వంగి వెతికి అందుకున్నాడు.

“ముఖేశ్! ముఖేశ్, ఆపు! కడగొద్దు! మోటారు ఆపు, ఆ మట్టి నీళ్ళలో పడకూడదు! ఒక్క చుక్క పడకూడదు, వినబడుతోందా?”

ఇంజను ఆగింది. శక్తివేల్ కిందికి దిగి, ఇంతసేపూ లేని తొందరతో నడిచి వచ్చి, అతని చేతిలోని ఫోను తీసుకున్నాడు. ఏ మట్టి అని అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు. స్పీకరు బటను నొక్కి, ఫోనును అందరి మధ్యా అరచేతిలో పట్టుకున్నాడు. జీపులోంచి మారమ్మ రెండు చేతులా తలుపు పట్టుకుని బయటికి వంగింది.

“చెప్పు ముఖేశ్,” అన్నాడు శక్తివేల్. “పోలీసు మాట్లాడుతున్నాను. టిల్లర్ కడిగావా?”

అవతల మోటారు రొద, దాని మీదుగా ఒక యువకుడి గొంతు. భయం లేదు అందులో. పని ముగించినవాడి తృప్తి ఉంది.

“అప్పుడే అయిపోయింది సార్. కవచం విప్పి లోపల కూడా కడిగేసినాను. ఎందుకు సార్? ఇప్పుడు నారుకు నీళ్ళు పెడతా ఉండాను.”